'ఎస్టర్డే ఓన్లీ' అంటే నిన్ననేనా? ఓన్లీ వాడకం గురించి కొంచెం వివరంగా

క్లయింటు నుంచి మెయిల్ వస్తుంది, ఫైలు ఇంకా అందలేదేంటని. మనవాడు నిబ్బరంగా జవాబు కొడతాడు: 'ఐ సెంట్ ఇట్ ఎస్టర్డే ఓన్లీ.' అతని మనసులో ఉన్నది 'నిన్ననే పంపేశానండీ, ఆలస్యం నా వైపు నుంచి కాదు' అని. లండన్‌లోనో డాలస్‌లోనో కూర్చుని దాన్ని చదివినవాళ్లకి అందే అర్థం మాత్రం దాదాపు దీనికి ఎదురు: 'ఓహో, నిన్నటిదాకా పంపనే లేదన్నమాట.' కాలం చెప్పే మాటతో ఓన్లీ కలిస్తే వాళ్ల ఇంగ్లీషులో 'అంతకుముందు కాదు' అనే అర్థం వస్తుంది. 'ఐ ఓన్లీ సెంట్ ఇట్ ఎస్టర్డే' అన్నారంటే ఆలస్యం చేశామని ఒప్పుకున్నట్టే. తప్పు తనది కాదని చెప్పబోయి తప్పు నెత్తిన వేసుకోవడం అంటే ఇదే, అదీ రాతపూర్వకంగా, సీసీలో మేనేజర్ని పెట్టి మరీ.

అసలు గమ్మత్తు తెలుగులోనే ఉంది. 'నిన్ననే' అన్న మాటకి మన దగ్గర ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. 'నిన్ననే పంపానండీ, చూసుకోలేదా?' అంటే ఎప్పుడో పంపేశానని. 'నిన్ననేగా పంపింది, అప్పుడే తొందరేంటి?' అంటే పంపి ఎంతోసేపు కాలేదని. గొంతు మారుతుంది, చివర్న ఒక 'గా' చేరుతుంది, వినేవాళ్లకి ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేరువేరు మాటలున్నాయి. మొదటిదానికి ఆల్రెడీ, రెండోదానికి ఓన్లీ. కాబట్టి పైన మెయిల్లో రాయాల్సింది 'ఐ సెంట్ ఇట్ ఎస్టర్డే' అని, అంతే. ఇంకాస్త ఒత్తి చెప్పాలనిపిస్తే 'ఐ ఆల్రెడీ సెంట్ ఇట్ ఎస్టర్డే' అనొచ్చు. ఓన్లీ అక్కడికి రానే కూడదు.

ఇదంతా ఎక్కడ మొదలవుతుందంటే మన ఏకారం దగ్గర, అంటే 'నిన్ననే'లోలాగా మాట చివర చేరే 'ఏ' దగ్గర. వ్యాకరణంలో దీన్ని అవధారణార్థకం అంటారు; పేరు గుర్తులేకపోయినా రోజుకి కొన్ని వందలసార్లు వాడేస్తుంటాం. ఈ ఏకారం రెండు పనులు చేస్తుంది. ఒకటి, మిగతావాటిని కొట్టిపారేయడం: 'జేబులో పది రూపాయలే ఉన్నాయి.' అంటే పదకొండో రూపాయి లేదు. రెండోది, ఏదో ఒకదాన్ని వేలు పెట్టి చూపించినట్టు ఒత్తి చెప్పడం: 'ఇక్కడే ఉన్నాను', 'నేనే ఫోన్ చేశాను', 'ఆ ఇల్లే'. ఇక్కడ దేన్నీ కొట్టిపారేయడం లేదు, అనుమానం తీరుస్తున్నాం, అంతే. ఇంగ్లీషు ఓన్లీకి ప్రధానంగా మొదటి పనే వచ్చు. రెండో పని కూడా దాని నెత్తిన పెట్టడంతో 'ఐ యామ్ హియర్ ఓన్లీ', 'దట్ హౌస్ ఓన్లీ' లాంటివి పుట్టుకొస్తాయి.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది, చాలామటుకు పనిచేస్తుంది. ఇంగ్లీషులో చెప్పబోయే మాటని ముందు తెలుగులో అనుకుని, ఏకారం తీసేసి ఆ చోట 'మాత్రమే' పెట్టి చూడాలి. అర్థం చెడకపోతే ఓన్లీ వాడొచ్చు. చెడిపోయినా, నవ్వొచ్చినా వాడకూడదు. 'పది రూపాయలు మాత్రమే ఉన్నాయి' బాగానే ఉంది, కాబట్టి 'ఐ హ్యావ్ ఓన్లీ టెన్ రుపీస్' నిక్షేపంలా చెల్లుతుంది. 'ఇక్కడ మాత్రమే ఉన్నాను' అంటే ఒకేసారి రెండుచోట్ల ఉండగలిగినవాడు అనాల్సిన మాట. అందుకని అక్కడ 'ఐ యామ్ రైట్ హియర్' అనాలి. ఫోన్లో 'రమణగారేనా?' అని అడిగితే 'నేనేనండీ మాట్లాడుతోంది' అంటాం కదా, దాన్ని 'ఐ ఓన్లీ స్పీకింగ్' చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 'నేను మాత్రమే మాట్లాడుతున్నాను' అని పెట్టి చూస్తే అవతలివాళ్లని నోరు మూసుకోమన్నట్టుంది. 'స్పీకింగ్' అని ఒక్క మాట అంటే సరిపోయేది.

'నువ్వే కదా చెప్పావు' అన్నది మరీ ఇబ్బంది పెట్టే వాక్యం. ఇది ఆఫీసుల్లో 'యూ ఓన్లీ టోల్డ్ నో' అయి కూర్చుంది. ఇంగ్లీషు పుట్టుమాటగా ఉన్నవాళ్ల చెవికి ఇది 'నువ్వు చెప్పావంతే, చెయ్యలేదు' అన్నట్టు వినపడుతుంది, ఎందుకంటే వాళ్లకి ఓన్లీ దాని తర్వాతున్న 'టోల్డ్'ని పట్టుకుంటుంది, ముందున్న 'యూ'ని కాదు. చెప్పాల్సింది 'యూ ఆర్ ది వన్ హూ టోల్డ్ మీ' అని. 'మా అమ్మే వండింది' కూడా అలాంటిదే. 'మై మదర్ ఓన్లీ కుక్డ్' అంటే వండి ఊరుకుంది, వడ్డించలేదు అన్న అర్థం తీయొచ్చు. 'మై మదర్ కుక్డ్ ఇట్ హర్సెల్ఫ్' అంటే మనం అనుకున్నది వస్తుంది. నేనే, నువ్వే, ఆవిడే అని మనుషుల్ని ఒత్తి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మైసెల్ఫ్, యువర్సెల్ఫ్, హర్సెల్ఫ్ అనే వరస ఉంది. లేదంటే 'ది వన్ హూ' అనే పద్ధతి ఉంది. ఈ రెండూ అలవాటైతే ఓన్లీ మీద పడే బరువు సగం తగ్గిపోతుంది.

ఓన్లీ వద్దన్నారు కదా అని కొంతమంది 'టుడే ఇట్సెల్ఫ్' దగ్గర తేలతారు. 'ఈరోజే పంపిస్తాను'కి అది అనువాదం. అదీ మన దగ్గర చెల్లుబాటయ్యే మాటే గానీ బయటివాళ్లకి వింతగానే ఉంటుంది. నిజానికి ఇంగ్లీషులో ఇలాంటిచోట్ల విడిగా మాటేమీ అక్కర్లేదు. 'ఐ విల్ సెండ్ ఇట్ టుడే' అని టుడే మీద గొంతు పెంచితే చాలు, మనం ఏకారంతో చేసే పని వాళ్లు గొంతుతో చేసేస్తారు. మనకేమో ఏ మాటా తగిలించకుండా ఒత్తి చెప్పడమంటే కూరలో ఉప్పు తక్కువైనట్టు అనిపిస్తుంది, అందుకే ఏదో ఒకటి వేస్తాం.

'మాత్రమే' పరీక్షకి లొంగనివి రెండు మూడున్నాయి. నిన్ననే సంగతి చూశాం. 'అప్పుడే' ఇంకా చిక్కుది. 'అప్పుడే వచ్చేశావా?' అంటే ఇంత తొందరగానా అని, ఇంగ్లీషులో 'ఆర్ యూ హియర్ ఆల్రెడీ?' 'నేను వెళ్లేసరికి అప్పుడే తింటున్నారు' అంటే సరిగ్గా ఆ సమయానికి, అక్కడ జస్ట్ కావాలి. 'డాక్టరు చెప్పాక అప్పుడే నమ్మాడు' అంటే అంతవరకూ నమ్మలేదని, ఈ ఒక్కదానికే ఓన్లీ. అది కూడా 'దెన్ ఓన్లీ హీ బిలీవ్డ్' కాదు, 'ఓన్లీ దెన్ డిడ్ హీ బిలీవ్ ఇట్'. ఆ 'డిడ్' ఎందుకొచ్చిందో కాస్త ఆగి చూద్దాం. 'ఇప్పుడే వచ్చాను'కి 'నౌ ఓన్లీ ఐ కేమ్' అనడం మన ఊళ్లలో మామూలే గానీ, అక్కడ కావాల్సింది 'ఐ జస్ట్ గాట్ హియర్'. ఇప్పుడే, ఇందాకే అనే దగ్గరి కాలానికి జస్ట్ అన్నది దాదాపు ఎప్పుడూ సరిపోతుంది, పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఇంతకీ 'లైక్ దిస్ ఓన్లీ' తప్పా? తప్పనేసి ఊరుకోవడం తేలిక. కానీ ఇది ఒక్క తెలుగువాళ్లు చేసే పని కాదు. హిందీ 'హీ', తమిళం 'తాన్', కన్నడం ఏకారం, అన్నిటికీ మన ఏకారంలాగే రెండు పనులు. అందుకే శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఈ ఓన్లీ వినపడుతుంది. రాకేశ్ భట్ లాంటి భాషాశాస్త్రవేత్తలు దీన్ని పొరపాటుగా కాకుండా భారతీయ ఇంగ్లీషుకున్న సొంత లక్షణంగా చూసి, దాని నియమాలేంటో వివరించారు. 1990లలో ఛానెల్ వీ అనే మ్యూజిక్ టీవీ ఛానెల్ ఏకంగా 'వీ ఆర్ లైక్ దిస్ ఓన్లీ' అన్నదాన్నే తన నినాదంగా పెట్టుకుంది, దేశమంతా నవ్వుతూ ఒప్పుకుంది. కాబట్టి హైదరాబాద్‌లో ఇద్దరు మాట్లాడుకుంటూ 'హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ' అంటే, అర్థం తేటగా అందుతున్నప్పుడు దాన్ని పట్టుకుని వెక్కిరించడం చవకబారు పని. ఇబ్బంది వచ్చేది మన వాడకం తెలియని మనిషి అవతల ఉన్నప్పుడు, లేదా మాట పొరపాటుగా అందితే డబ్బో మార్కులో పోయే చోట. 'హియర్ ఓన్లీ' అంటే అవతలివాళ్లు కనుబొమలెగరేసి ఊరుకుంటారు. 'ఎస్టర్డే ఓన్లీ' అంటే నిజంగానే ఇంకోలా అర్థం చేసుకుంటారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక స్థానం సంగతి. ఏకారం మాటకి అతుక్కునే ఉంటుంది కాబట్టి తెలుగులో అది ఎవరిది అనే తగాదా రాదు. ఓన్లీ విడి మాట, వాక్యంలో ఎక్కడైనా కూర్చుంటుంది, కూర్చున్న చోటుని బట్టి అర్థం మారుతుంది. ఒక వాక్యం తీసుకుందాం: 'రవి లెంట్ మీ ఫైవ్ హండ్రెడ్', రవి నాకు ఐదొందలు అప్పిచ్చాడు. 'ఓన్లీ రవి లెంట్ మీ ఫైవ్ హండ్రెడ్' అంటే రవే ఇచ్చాడు, ఇంకెవరూ ఆదుకోలేదు. 'రవి ఓన్లీ లెంట్ మీ ఫైవ్ హండ్రెడ్' అంటే అప్పుగానే ఇచ్చాడు, ఉంచుకోమని కాదు. 'రవి లెంట్ ఓన్లీ మీ ఫైవ్ హండ్రెడ్' అంటే నాకే ఇచ్చాడు, మిగతావాళ్లకి చెయ్యి చూపించాడు. 'రవి లెంట్ మీ ఓన్లీ ఫైవ్ హండ్రెడ్' అంటే ఐదొందలే, అడిగింది వెయ్యి కావచ్చు. తెలుగులో రవే, అప్పుగానే, నాకే, ఐదొందలే అని ఏకారం ఏ మాటకి తగిలిందో చూస్తే ఇంగ్లీషులో ఓన్లీ ఏ మాట ముందు రావాలో తెలిసిపోతుంది. తగిలిన మాటకి సరిగ్గా ముందు. ఈ ఒక్క విషయంలో తెలుగు రావడం మనకి కలిసొచ్చే అంశం, చాలామంది ఇంగ్లీషువాళ్లకే ఈ సౌకర్యం లేదు.

వాళ్లలో వాళ్లకే దీని మీద రెండున్నర శతాబ్దాల పేచీ ఉంది మరి. 1762లో రాబర్ట్ లోత్ అనే మతాచార్యుడు తన ఇంగ్లీషు వ్యాకరణంలో, అందరూ 'ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్' అంటున్నారు గానీ అనాల్సింది 'ఐ స్పేక్ ఓన్లీ త్రీ వర్డ్స్' అని ఎత్తి చూపించాడు. మూడు మాటలే అన్నాను అని కదా ఉద్దేశం, అందుకని ఓన్లీ మూడుకి ముందుండాలి అన్నది ఆయన వాదన. ఆ తర్వాత బళ్లలో తరాల తరబడి ఇదే పాఠం. 1926లో ఫౌలర్ అనే ఇంగ్లీషు నిఘంటుకారుడు తన వాడుక నిఘంటువులో దీనికి అడ్డం తిరిగాడు. 'హీ ఓన్లీ డైడ్ ఎ వీక్ అగో' అని అందరూ సహజంగా అనే మాటని పట్టుకుని ఓన్లీని వెనక్కి జరపమని వేధించడం చాదస్తం అని ఆయన లెక్క. వారం కిందటే పోయాడు అన్నది ఎవరికీ అర్థం కాకుండా పోదు, బతికినన్నాళ్లూ చావడం తప్ప ఇంకేం చెయ్యలేదని ఎవరూ అనుకోరు.

ఫౌలర్ మాటలో బలముంది. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లు ఓన్లీని చాలావరకు క్రియకి ముందే పడేస్తారు. అసలు సంగతి గొంతు చెప్తుంది: 'రవి ఓన్లీ లెంట్ మీ ఫైవ్ హండ్రెడ్' అని ఫైవ్ హండ్రెడ్ మీద ఒత్తితే ఐదొందలే అని అర్థం, 'మీ' అన్న మాట మీద ఒత్తితే నాకే అని. 1985లో మాట్స్ రూత్ అనే భాషాశాస్త్రవేత్త తన పీహెచ్‌డీలో ప్రధానంగా పట్టించుకున్నది ఇదే, వాక్యంలో ఒత్తు పడిన మాటకీ ఓన్లీకీ మధ్య ఉన్న ముడి గురించి. ఆ ముడి మీద ఇప్పటికీ పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి. కానీ కాగితం మీద గొంతు ఉండదు. అక్కడ లోత్ మాటే నెగ్గుతుంది. సొసైటీ రూల్సు, అద్దె అగ్రిమెంటు, ఇన్సూరెన్సు నిబంధన, ప్రాజెక్టు డాక్యుమెంటు లాంటివాటిలో ఓన్లీని క్రియ ముందు వదిలేస్తే తర్వాత ఎవరికి అనుకూలంగా వాళ్లు చదువుకుంటారు. 'విజిటర్స్ మే ఓన్లీ పార్క్ ఇన్ ది సెల్లార్ ఆన్ సండేస్' అని అపార్ట్‌మెంట్ నోటీసుబోర్డులో రాశారనుకోండి. సెల్లార్లోనే పెట్టాలా? ఆదివారాలే పెట్టాలా? లేక బండి పెట్టుకోవడం వరకే, కడగడం కుదరదనా? వాచ్‌మన్ ఒకలా అంటాడు, సెక్రటరీ ఇంకోలా అంటాడు. 'ఓన్లీ ఆన్ సండేస్' అని రాసి ఉంటే గొడవే లేదు.

మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. క్యాన్, విల్, హ్యావ్ లాంటివి ఉంటే ఓన్లీ వాటి తర్వాత, అసలు క్రియకి ముందు వస్తుంది: 'ఐ క్యాన్ ఓన్లీ స్టే ఫర్ యాన్ అవర్.' ఈజ్, వజ్ ఉంటే వాటి తర్వాత: 'ఇట్ ఈజ్ ఓన్లీ ఎ జోక్.' ఇంతకన్నా టెన్షన్ పడక్కర్లేదు.

మరి చివర్న ఓన్లీ పెట్టడం పూర్తిగా మన సృష్టేనా అంటే, కాదు. బోర్డుల మీద ఇంగ్లీషువాళ్లే చివర్న పెడతారు: 'మెంబర్స్ ఓన్లీ', 'స్టాఫ్ ఓన్లీ', 'క్యాష్ ఓన్లీ'. 'ఫర్ ఆఫీస్ యూజ్ ఓన్లీ' అన్నది మన దరఖాస్తు ఫారాల మీద కింద మూలన పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. వీటన్నిట్లో అర్థం నికార్సైన 'మాత్రమే'. వాక్యంలో చివర ఓన్లీ పెట్టే మన అలవాటుకి తేడా అర్థంలో ఉంది గానీ స్థానంలో కాదు.

చెక్కు మీద ఓన్లీ మాత్రం వేరే కథ. 'ఫైవ్ థౌజండ్ ఓన్లీ' అని రాస్తాం, తెలుగులో రాస్తే 'అయిదు వేల రూపాయలు మాత్రమే', ప్రామిసరీ నోట్లలో అయితే ముందు 'అక్షరాలా' అని కూడా. ఇక్కడ ఓన్లీకి 'ఇంత తక్కువే' అనే అర్థం లేదు. కోటి రూపాయల చెక్కు మీదా మాత్రమే అనే ఉంటుంది. ఇది తలుపుకి వేసే గొళ్లెం లాంటిది. 'ఫైవ్ థౌజండ్' అని రాసి వదిలేస్తే దాని పక్కన ఇంకెవరో 'నైన్ హండ్రెడ్' చేర్చడానికి జాగా ఉంటుంది. ఓన్లీ పడ్డాక ఇంకేం చేర్చినా అతకదు. అంకెల్లో రాసేచోట చివర గీతా అడ్డగీతా గీసేదీ ఇందుకే. అమెరికాలో ఈ పని ఇంకోలా చేస్తారు, సెంట్లని వందకింత అని భిన్నంలా రాసి మిగిలిన ఖాళీలో గీత లాగేస్తారు. అక్కడికి కొత్తగా వెళ్లి చెక్కు మీద ఓన్లీ రాసినా తప్పేం కాదు.

పోటీ పరీక్షల్లో ఓన్లీ చేసే పనీ ఇదే. సివిల్స్ ప్రిలిమ్స్ ప్రశ్నల్లో '1 ఓన్లీ', '2 ఓన్లీ', '1 అండ్ 2 ఓన్లీ' అనే ఐచ్ఛికాలు అందరికీ అలవాటే, గ్రూప్స్ పేపర్లలో తెలుగులో '1 మరియు 2 మాత్రమే' అని వస్తుంది. మూడు వాక్యాలూ సరైనవనుకుందాం. అప్పుడు '1 అండ్ 2' అని ఊరికే ఉంటే అదీ అబద్ధం కాదు కదా, ఒకటీ రెండూ సరైనవే. ఓన్లీ ఉండబట్టే ఆ ఐచ్ఛికం తప్పవుతుంది. ఇచ్చిన వాక్యంలోపల ఓన్లీ ఉంటే మాత్రం ఇంకో రకంగా ఆలోచించాలి. 'ఈ అధికారం పార్లమెంటుకే ఉంది' అన్న వాక్యం నిలవాలంటే పార్లమెంటుకి ఉంటే చాలదు, ఇంకెవరికీ ఉండకూడదు. ప్రతి ఓన్లీ లోపలా ఇలా ఒక 'ఇంకెవరూ కాదు', 'ఇంకేదీ కాదు' దాక్కుని ఉంటుంది, పేపరు సెట్ చేసేవాళ్లు ఆ దాక్కున్న సగంతోనే బుట్టలో పడేస్తారు. అలాగని ఓన్లీ కనపడితే తప్పు అని కళ్లు మూసుకుని కొట్టేసే చిట్కా నమ్ముకుంటే మునగడం ఖాయం.

బ్యాంకు పరీక్షలకి నంద్యాలలోనో హైదరాబాద్‌లోనో కోచింగ్ తీసుకున్నవాళ్లకి సిలాజిజమ్స్‌లో, అంటే ఇచ్చిన వాక్యాల నుంచి ఏం తేలుతుందో చెప్పమనే ప్రశ్నల్లో, ఓన్లీ పెట్టే తిప్పలు బాగా తెలుసు. 'ఓన్లీ పెన్స్ ఆర్ బుక్స్' అంటే పెన్నులన్నీ పుస్తకాలని కాదు, పుస్తకాలన్నీ పెన్నులని. తలకిందులుగా ఉంది కదా? తెలుగులో పెట్టి చూస్తే తలకిందులు ఏమీ ఉండదు. 'కష్టపడినవాళ్లే పాసవుతారు' అన్నామంటే పాసైనవాళ్లంతా కష్టపడినవాళ్లు అని చెప్పినట్టు. కష్టపడిన ప్రతివాడూ పాసవుతాడని మాటివ్వలేదు. 'ఓన్లీ మెంబర్స్ కెన్ ఎంటర్' కూడా అంతే, లోపలున్నవాళ్లంతా మెంబర్లే, కానీ బాకీ ఉన్న మెంబర్ని గేటు దగ్గర ఆపితే ఆ బోర్డు అబద్ధమాడినట్టు కాదు. 'ఓన్లీ ఎ ఫ్యూ' అని ఇంకొకటి ఉంది. 'ఓన్లీ ఎ ఫ్యూ పెన్స్ ఆర్ బుక్స్' అంటే రెండు ముక్కలు: కొన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పెన్నులు పుస్తకాలు కావు. ఒక్క 'ఎ ఫ్యూ' అని ఉంటే రెండో ముక్క ఉండదు. ఓన్లీ తెచ్చిపెట్టింది ఆ రెండో ముక్కనే.

'ఓన్లీ ఇఫ్' దగ్గర తెలుగు ఇంకా చక్కగా ఉంటుంది. 'వాన పడితే రాను' వేరు, 'వాన పడితేనే రాను' వేరు. 'పాసైతే బండి కొంటా' అని తండ్రి అంటే పాసైన రోజు బండి అడగొచ్చు, మాటిచ్చాడు కాబట్టి. 'పాసైతేనే బండి కొంటా' అంటే ఫెయిలైతే బండి లేదని మాత్రమే తేలింది. పాసైతే కచ్చితంగా కొంటానని తర్కం ప్రకారం ఎక్కడా లేదు. ఇంట్లో ఇలా వాదించే తండ్రికి మర్యాద దక్కదు, ఎందుకంటే రోజువారీ మాటల్లో మనం రెండూ కలిపే వింటాం. కానీ లెక్కల్లో, రీజనింగ్ పేపర్లో ఆ తేడాకే మార్కులు. రెండూ కావాలనుకుంటే లెక్కలవాళ్లు 'ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్' అంటారు, అంటే పాసైతే కొంటా, పాసైతేనే కొంటా.

ఇదే రెండు మాటల్ని తిరగేసి 'ఇఫ్ ఓన్లీ' అంటే తర్కం పోయి నిట్టూర్పు మిగులుతుంది. 'ఇఫ్ ఓన్లీ ఐ హ్యాడ్ స్టడీడ్' అంటే అప్పుడే గనక చదువుకుని ఉంటే ఎంత బావుండేది అని. ఇక్కడ ఓన్లీకి మాత్రమే అన్న అర్థం వెతికితే దొరకదు.

ముందు వదిలేసిన 'డిడ్' సంగతి. ఓన్లీతో మొదలై, కాలమో స్థలమో షరతో చెప్పే ముక్క వాక్యం మొదట్లో వస్తే, ఆ తర్వాత కర్తా సహాయక్రియా ప్రశ్నలోలాగా చోటు మార్చుకుంటాయి: 'ఓన్లీ ఆఫ్టర్ ది ఎగ్జామ్ డిడ్ షీ స్లీప్', 'ఓన్లీ ఇన్ దిస్ షాప్ కెన్ యూ గెట్ ఇట్'. 'నాట్ ఓన్లీ' ముందొచ్చినా ఇంతే: 'నాట్ ఓన్లీ డిడ్ హీ కమ్ లేట్, హీ ఆల్సో షౌటెడ్ ఎట్ అజ్.' ఓన్లీ పట్టుకున్నది కర్తనే అయితే ఈ మార్పు ఉండదు, 'ఓన్లీ రవి నోస్' అంతే. పెద్ద పరీక్షల్లో తప్పులు పట్టే ప్రశ్నగా ఇది తరచూ కనపడుతుంది. మాట్లాడేటప్పుడు ఇలా తిప్పి చెప్పడం కొంచెం ఉపన్యాసంలా ఉంటుంది కాబట్టి 'షీ ఓన్లీ స్లెప్ట్ ఆఫ్టర్ ది ఎగ్జామ్' అనేస్తే హాయి.

ఇంకొన్ని విడి వాడకాలున్నాయి, వీటికి సూత్రాలు లేవు, అలవాటు చేసుకోవడమే. 'ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్' అంటే సంతోషం తక్కువని కాదు, మహా సంతోషంగా చేస్తానని. 'హీ ఓన్లీ జస్ట్ పాస్డ్' అంటే బొటాబొటీగా గట్టెక్కాడని. 'హీ ర్యాన్ టు ది స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్' అన్నదానిలో ఓన్లీకి తెలుగులో సరిగ్గా అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట 'తీరా': పరిగెత్తుకుంటూ స్టేషన్‌కి వెళ్తే తీరా రైలు వెళ్లిపోయింది. కొన్ని పాఠ్యపుస్తకాల అనువాదాల్లో దీన్ని 'రైలు వెళ్లిపోయిందని కనుగొనడానికి మాత్రమే' అని రాసినవి చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. 'ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హ్యావ్ నో మనీ' అంటే వచ్చేవాణ్ణే, కాకపోతే డబ్బుల్లేవు. ఇక్కడ ఓన్లీ రెండు వాక్యాల్ని కలిపే మాటయింది, ఇది మాటల్లో చెల్లుతుంది గానీ ఆఫీసు రాతల్లో బట్ వాడటమే మేలు.

మనిషి స్థాయి గురించి వచ్చే ఓన్లీ ఒకటి మిగిలింది. 'హీ ఈజ్ ఓన్లీ ఎ క్లర్క్' అంటే క్లర్కు తప్ప ఇంకేం కాదు అని లెక్కపెట్టడం కాదు, అంతకన్నా పైన ఉన్నవాటితో పోల్చి ఇంతే అనడం. చిన్నచూపు ఉండొచ్చు, జాలి ఉండొచ్చు, 'పాపం క్లర్కేగా, అతనేం చేస్తాడు' అన్న సమర్థింపూ ఉండొచ్చు. తెలుగు మాటల్లో ఈ చోటుని ఓన్లీకి ఇవ్వకుండా ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో గానీ 'ఆఫ్టరాల్'కి ఇచ్చేశాం: 'ఆఫ్టరాల్ ఒక క్లర్కు, నాకు చెప్పొచ్చాడు.' తెలుగు వాక్యంలో అది బ్రహ్మాండంగా పేలుతుంది. అదే ధాటితో ఇంగ్లీషులోకి తీసుకెళ్లి 'హీ ఈజ్ ఆఫ్టరాల్ ఎ క్లర్క్' అంటే, 'ఎంతైనా అతను క్లర్కు కదండీ, ఆ విషయం అతనికి తెలిసే ఉంటుంది' అని అవతలివాళ్లు గౌరవంగా తలూపే అవకాశం కూడా ఉంది.